నాలుగో తరగతిలో లారీ డ్రైవరు

నసరేనో అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ముప్పై రెండేళ్ళుగా లారీ తోలుతున్నాడు. సిపొలెట్టి తోటల్లో ఆపిల్ పళ్ళు ఎక్కించుకుని, దేశానికి దక్షిణాన చిట్టచివరన ఉన్న ఉషువాయాలో దించి వస్తాడు. మంచులో జారాడు, గాలికి బోర్లాపడ్డాడు. ఏనాడూ పారిపోవాలనిపించలేదు. ఇప్పుడు ఇరవై ఆరుగురు నాలుగో తరగతి పిల్లలు కళ్ళప్పగించి చూస్తుంటే తలుపు ఎటుందో చూసుకుంటున్నాడు.

టీచర్ ఆయెలేన్ ఫోన్లోనే గట్టిగా చెప్పింది. "శుక్రవారం పది గంటలకి. ఎవరి పని గురించి వాళ్ళు పిల్లలకి చెప్పాలి. ఈసారి కుంటిసాకులు వద్దు."

దాంతో పెద్దమనిషి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తొమ్మిదింటికే వచ్చి బడి గేటుకి అడ్డంగా లారీ పెట్టేశాడు. హెడ్మిస్ట్రెస్ కారు లోపల ఇరుక్కుపోయింది.

అతనికన్నా ముందు ఒక పళ్ళ డాక్టరు మాట్లాడి వెళ్ళాడు. సగంమంది పిల్లలు ఇంకా ఆవలిస్తూనే ఉన్నారు.

"ఈయన పేరు నసరేనో. లారీ డ్రైవరు," అంది టీచర్. అతనివైపు తిరిగి, "ముందు మంచి చెప్పండి, తర్వాత చెడు. రెండూ చెప్పాలి. బూతులు వద్దు. చివర్లో మార్కులేస్తాను," అంది.

"నాకా?"

"మీకే."

పిల్లలు కిసుక్కుమన్నారు. నసరేనో గొంతు సవరించుకున్నాడు.

"మంచేమిటంటే... నా నెత్తిన ఎవడూ ఉండడు. యజమాని ఫోన్ చేసి అరిస్తే సిగ్నల్ లేదంటాను. గొంతు చించుకుని పాడతాను. ఆపమనే నాథుడుండడు. మాద్రిన్ దగ్గర సముద్రం పక్క రోడ్డు మీంచే తిమింగలం తోక చూశాను. పళ్ళ డాక్టరు ఏం చూస్తాడు? మీ పిప్పిపళ్ళు!"

ఆవలింతలు ఆగిపోయాయి.

"మరి చెడు?" అంది టీచర్.

"ముప్పై రెండేళ్ళు కూర్చుంటే పిర్రలు పలకలైపోతాయి."

క్లాసు గొల్లుమంది. టీచర్ పెదవి కొరుక్కుంది.

"లారీలో నావి రెండు సీసాలుంటాయి. ఒకదాంట్లో మాతే ఆకుల టీ కాచుకునే నీళ్ళు. రెండోది ఎందుకో మీ నాన్నల్ని అడగండి. ఒకరోజు మంచి ఎదురుగాలిలో, చూసుకోకుండా..."

"నసరేనో గారూ!"

"సరే, సరే. గాలి సంగతి చెబుతాను. ఓసారి ఖాళీ లారీతో తిరిగొస్తుంటే లేపి పక్కకి పడుకోబెట్టింది. బెల్టుకి గబ్బిలంలా వేలాడుతూ నాలుగు గంటలున్నాను. రోడ్డు మీద ఒక్క పురుగు లేదు. చిన్న ఒంటెల్లా ఉండే గ్వానాకోల మంద ఒకటి వచ్చింది. పగిలిన అద్దంలోంచి నన్ను చూసి, నా మొహాన ఉమ్మేసి పోయింది."

వెనక బెంచీ కుర్రాడొకడు నవ్వాపుకోలేక బల్ల కిందికి జారాడు. ముందు వరసలో మోరా అనే రెండు జడల పిల్ల మాత్రం నవ్వకుండా చెయ్యెత్తింది.

"అన్నిటికన్నా పెద్ద చెడు ఏది?"

"మా కుక్క," అన్నాడు నసరేనో ఠక్కున. "ఇంటికెళితే నన్ను చూసి దొంగొచ్చాడని మొరుగుతుంది. ఉత్తరాలు పంచేవాణ్ణి చూసి తోకూపుతుంది."

మళ్ళీ నవ్వులు.

"అది కాదు," అంది టీచర్, కిటికీ పక్కనుంచి కదలకుండా. "అసలుది చెప్పండి."

నసరేనో ఆమెవైపు చూశాడు. తర్వాత తన బూట్లవైపు చూసుకున్నాడు.

"అసలుదంటే... నేను ఏ పండక్కీ అందను. పండగ మర్నాడు వస్తాను. మిగిలిన కేకు ఫ్రిజ్‌లోంచి తీసుకుని నిలబడి తింటాను. మా అమ్మాయి పుట్టినప్పుడు ఉషువాయా దారిలో జలసంధి దగ్గర, లారీల్ని దాటించే ఓడ కోసం వరసలో ఉన్నాను. అది మొదటి అడుగు వేసినప్పుడూ ఆ వరసలోనే. దానికి అమ్మవారు పోసి ఒళ్ళు కాలిపోతుంటే, గాలికి ఓడలాపేసి నాలుగు రోజులు కదలనివ్వలేదు. నేనొచ్చేసరికి లేచి ఆడుకుంటోంది. 'ఎవరమ్మా ఇతను' అని వాళ్ళమ్మనడిగింది."

బల్ల కిందికి జారిన కుర్రాడు పైకొచ్చి సరిగ్గా కూర్చున్నాడు.

"మరి మానెయ్యొచ్చుగా?" అంది మోరా.

"ఎన్నిసార్లో మానేశాను తల్లీ. మూడు రోజులు బాగుంటుంది. నాలుగో రోజు మా ఆవిడ నా కాళ్ళ కింద చీపురు పెట్టి, 'ఇంకా వెళ్ళలేదేం?' అంటుంది. అప్పటికే నాకూ దక్షిణాది ఆకాశం మీదికి మనసు పోతుంటుంది. ఇద్దరి తప్పూ ఉంది."

"మీ అమ్మాయికి మీ లారీ ఇష్టమేనా?"

"లారీ ఇష్టమే. ఆ లారీ ఇంటి ముందునుంచి కదిలినప్పుడే ఇష్టం లేదు."

టీచర్ చేతిగడియారం చూసుకుంది. "లారీ డ్రైవరు అవుతామనేవాళ్ళు చేతులెత్తండి."

ఇరవై ఆరు చేతులు లేచాయి. మోరా రెండూ ఎత్తింది.

గంట కొట్టారు. పిల్లలు లారీ ఎక్కి చూడ్డానికి గేటువైపు ఒకటే పరుగు. ఆవరణలో హెడ్మిస్ట్రెస్ అరుపులు వినిపిస్తున్నాయి. నసరేనో కదల్లేదు. టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"ఎన్నొచ్చాయి?"

"పదికి ఏడు."

"ఏడేనా? పళ్ళ డాక్టరుకెన్ని?"

"నాలుగు."

"అయితే పర్లేదు," అని ఊపిరి పీల్చుకున్నాడు. "కానీ ఆ మూడూ ఎందుకు కోశారు? పిర్రలన్నందుకా?"

"ఆలస్యానికి," అంది ఆయెలేన్, బల్ల మీద పుస్తకాలు సర్దుతూ.

"తొమ్మిదింటికే వచ్చాను కదా!"

ఆమె పుస్తకాలు వదిలి, దగ్గరికొచ్చి, అతని చొక్కా కాలరు సరిచేసింది. "ఇదే గదిలో నేను నాలుగో తరగతి చదువుతూ మిమ్మల్ని పిలిచినప్పుడే వచ్చుంటే, పదికి పదీ వేసేదాన్ని నాన్నా."