ఓబులేసు లైసెన్సు పరీక్ష

చెవిలో కూర్చుని దారి చెప్పే గైడు లేకుండా ఎవరైనా గడప దాటాలంటే ఇప్పుడు లైసెన్సు కావాలి. దానికి పరీక్ష నల్లమలలో పెడతారు. చెవిగైడు తీసేసుకుని, కాగితం పటం, దిక్సూచి చేతిలో పెట్టి, అడవిలో ఐదు జెండాలు చూసి నాలుగింటిలోపు తిరిగి రమ్మంటారు.

ఓబులేసుకు అరవై రెండేళ్లు. షుగరుందని చెవిగైడు ఆరేళ్లుగా అతన్ని బజ్జీల బండి ఉన్న వీధిలోకి పోనివ్వలేదు. అందుకే పరీక్షకు వచ్చాడు.

మూడున్నర అయ్యేసరికి అతను చూసింది ఒకే జెండా. దాన్నే మూడుసార్లు చూశాడు. పటం ప్రకారం బండ ఉండాల్సిన చోట చెదపుట్ట కనిపిస్తే, పటం గీసినవాణ్ని తిట్టి ముందుకు పోయాడు. నాలుగోసారి ఆ జెండా దగ్గరికే వచ్చేసరికి, దాని కింద పరీక్షాధికారి హైమావతి కూర్చుని ఏడుస్తోంది.

"ఏమైంది తల్లీ?"

"నా చెవిగైడు ఛార్జింగ్ అయిపోయింది. ఎటు వెళ్లాలో తెలియడం లేదు, పెద్దాయనా."

"నీకు లైసెన్సు లేదా?"

"నేను పరీక్ష పెట్టేదాన్ని. రాసేదాన్ని కాదు."

ఓబులేసు ఆమె ఒళ్లో ఉన్న లైసెన్సు పుస్తకం వైపు చూశాడు.

"సంతకం పెట్టు. నీకు తోడొస్తా."

"ఐదు జెండాలూ చూశారా?"

"అయితే ఇక్కడే కూర్చో. నేను పోతున్నా."

ఆమె కళ్లు తుడుచుకుని, ముద్ర వేసి, సంతకం పెట్టి, పుస్తకంలోంచి ఆ కాగితం చించి ఇచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇక పదండి. దారి ఎటు?"

"నాకేం తెలుసు? నీకంటే ముందే తప్పిపోయా. కాకపోతే తప్పిపోవడానికి నాకు లైసెన్సుంది. నీకే లేదు."