చిక్కటి కషాయం

“అవే వేర్లు రెండుసార్లు కాచి, రెండు కషాయాలూ కలిపేగా ఇస్తున్నావ్ అమ్మాయ్?” గెంగ్ నాడి చూస్తూనే ఆయన కూతుర్ని అడిగాడు వైద్యుడు మావ్.

“రోజూ అలాగే బాబాయ్,” అంది రుయిలాన్.

అబద్ధం. నూడుల్స్ అంగడి తెరిచే తొందరలో నెలరోజులుగా ఒక్కసారే కాచి, వేడినీళ్లు కలిపి పట్టిస్తోంది. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషికి రుచి మాత్రం ఏం తెలుస్తుందిలే అనుకుంది.

“మరి చెయ్యి ఇంకా ఇలాగే ఉందేం?” మావ్ పొట్లం విప్పి వేర్లు వాసన చూశాడు. “సరుకు మంచిదే. గెంగ్ అన్నా, నలభై ఏళ్లు మా మందుల కొట్లో తక్కెడ పట్టినవాడివి. చుక్క నాలిక్కి తగిలితే చాలు, ఏ దినుసు తగ్గిందో చెప్పేవాడివి. తలూపైనా నువ్వే చెప్పు, కషాయం సరిగ్గా ఉంటోందా?”



గెంగ్ వంకరపోయిన పెదవులు చాలాసేపు కదిలాయి. చివరికి గొంతు పెగిలింది.

“చి... చిక్కగా ఉంటది. మా అమ్మాయి... బాగా కాస్తది.”

“మాటొచ్చేసింది!” మావ్ సంతోషం పట్టలేక మంచం మీద చరిచాడు. “విన్నావా అమ్మాయ్? మీ నాన్నకి మాటొచ్చింది!”

గెంగ్ కూతురి వైపు చూడకుండా ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

రుయిలాన్ తలెత్తలేకపోయింది.

“విన్నాను బాబాయ్,” అంది. “మాట రాగానే నాన్న అబద్ధమాడాడు.”