కిటికీ ఊచల అవతల

"ఇక్కడేం పని నీకు? వెళ్ళు, వెళ్ళు!"

టీచరమ్మ చేతిలో హాజరుపట్టీతోనే కిటికీ దాకా వెళ్ళి గద్దించింది.

అవతల నిలబడ్డ ముసలమ్మ ఊచలు వదిలేసింది. చంకలోని చంటిబిడ్డను పైకి ఎగదోసుకుని వెళ్ళిపోయింది.

పిల్లలు కిసుక్కున నవ్వారు.

టీచరమ్మ ఆ పరాయి దేశానికి, మిషన్ బడిలో చదువు చెప్పడానికి వచ్చి పదకొండేళ్ళు. అక్కడి భాష పట్టుబడింది, అక్కడి నీళ్ళు ఒంటబట్టాయి. మోకాళ్ళే ఈమధ్య మాట వినడం లేదు. ప్రార్థనకు వంగితే, బల్ల పట్టుకుంటే గానీ లేవలేకపోతోంది.

ఆమెకొక పద్ధతి ఉంది. పొద్దున హాజరు పిలిచాక, రాని పిల్లల పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పి, అక్కడి భాషలోనే ప్రార్థిస్తుంది.

"ప్రభువా, ఈ బిడ్డను రేపు నడిపించుకుని రా."

ముగ్గురి పేర్లు చెబితే ఒకరైనా మర్నాడు వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. మిగతావాళ్ళు ఆ వెనకే.

ఆమె బోధలన్నీ గోడకు చెప్పినట్టే ఉండేవి. జవాబు దొరికే ప్రార్థన ఇదొక్కటే. సొంత ఊళ్ళోని చర్చి సంఘానికి రాసే ప్రతి ఉత్తరంలోనూ ఆమె సాక్ష్యం కూడా ఇదే.

సరిగ్గా ఆ సమయానికే ముసలమ్మ వచ్చి కిటికీ పట్టుకునేది. టీచరమ్మ ఒక పేరు చెబితే తనూ గొణిగేది. రెండో పేరు చెబితే మొదటిదీ రెండోదీ కలిపి గొణిగేది. ఆమెన్ అనీ అనకముందే చరచరా వెళ్ళిపోయేది.

"నన్ను వెక్కిరిస్తోంది ఆయా, ఆ ముసలమ్మ!" అంది టీచరమ్మ.

"పొద్దుపోక లెండి అమ్మగారూ," అని నవ్వింది బడి ఆయా. "మనవలు మాత్రం దండిగా ఉన్నట్టున్నారు. రోజుకో బిడ్డ చంకలో!"

"దేవుడితో మాట్లాడుతుంటే పక్కన ఆ గొణుగుడేమిటి? రేపట్నుంచి గేటు దాటనివ్వకు."

"ఎవరో ఏమిటో కనుక్కోమంటారా?"

"ఎవరైతే నాకేం?"

మర్నాటి నుంచి కిటికీ ఖాళీ. ప్రార్థన ప్రశాంతంగా సాగింది.

ఆ వారం నలుగురు బడికి రాలేదు. పేర్లు చెప్పి ప్రార్థించింది. మర్నాడూ రాలేదు. వాళ్ళలో లెక్కల్లో చురుకైన పొడుగుజడ పిల్ల కూడా ఉంది. చివరి పరీక్ష పదిరోజుల్లోకి వచ్చేసింది. టీచరమ్మ రెండు రోజులు ఉపవాసం ఉంది. బెంచీలు ఖాళీ అవుతున్నాయే గానీ నిండడం లేదు.

ఇంకో మూడేళ్ళు ఉంటారా అని అడుగుతూ మిషన్ వాళ్ళు రాసిన ఉత్తరం బల్ల మీదే పడి ఉంది. జవాబు రాయడానికి కూర్చుంది.

'ప్రభువు నా మాట వినడం మానేశాడు' అని రాసింది. కొట్టేసింది.

'ఆరోగ్యం బాగుండటం లేదు, ఇంటికి వచ్చేస్తాను' అని రాసి, మడిచి సంచిలో వేసుకుంది.

పోస్టాఫీసుకు వెళ్ళే దారిలోనే పొడుగుజడ ఇల్లు. ఇన్నేళ్ళలో ఏ బిడ్డ గడపా తొక్కే తీరిక చిక్కలేదు ఆమెకు. ఎలాగూ వెళ్ళిపోతున్నాను కదా అని ఆగింది.

ఒకటే గది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. పొడుగుజడ చంకలో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఏమే, పరీక్ష పెట్టుకుని ఇంట్లో కూర్చున్నావా?"

"చెల్లిని ఎవరు చూస్తారు టీచర్? అమ్మకి ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ పడింది."

"ఇదివరకు ఇలా పడినప్పుడు ఎవరు చూసేవారు?"

"అవ్వ."

"మీ అవ్వా?"

"మా అవ్వ కాదు టీచర్, కిటికీ అవ్వ! ఏ పిల్ల బడి మానితే మర్నాడు ఆ ఇంట్లో దిగిపోయేది. చంటివాళ్ళని ఎత్తుకునేది, నీళ్ళు మోసేది, మమ్మల్ని బడికి తరిమేది. అన్ని పేర్లూ గుర్తుండవని మీ నోటి వెంటే వల్లించుకునేదంట."

టీచరమ్మ గడప మీద కూలబడింది.

"ఇప్పుడెక్కడుంది?"

"గేటు దగ్గర ఆపేశారు కదా. మీరెవరి పేరు చెప్పారో తెలీక, ప్రతి తలుపూ తట్టుకుంటూ నాలుగు రోజులు తిరిగింది. మా వీధి దాకా రానే లేదు. మొన్న ఎండలో పడిపోయి చచ్చిపోయింది టీచర్."



"ఆవిడ పేరేమిటి?"

"తెలీదు. మీకు తెలీదా?"

టీచరమ్మ గోడ పట్టుకుని లేచింది. "చెల్లిని ఇలా ఇవ్వు. పొయ్యి ఆర్పి, పుస్తకాలు తీసుకో. పద."

చంటిది టీచరమ్మ చంక ఎక్కి ఏడుపు ఆపింది. సంచిలోంచి ఉత్తరం లాగి నోట్లో పెట్టుకుంది. టీచరమ్మ వద్దనలేదు.

పోస్టాఫీసు దాకా వెళ్ళకుండానే వెనక్కి తిరిగింది. బడి గేటు కనిపిస్తుండగా అడిగింది. "మీకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఎందుకే ఇంత చాకిరీ చేసింది?"

"నేనూ అడిగాను టీచర్. 'నీ పేరు టీచరమ్మ దేవుడికి చెప్పేసిందే పిల్లా. పరాయి చోటికి ఒంటరిగా వచ్చిన మనిషి, ఆవిడ మాట పోకూడదు, లే' అనేది."