పేరు చెప్పని గల్లి

"ఐదో వీధి ఎటు?" అని ఏసుదాసు అడిగితే తాండూరు బజారులో ఒక్కరూ చెప్పలేకపోయారు.

నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్లయింది. ఆఫీసువాళ్లు గల్లీలకు కొత్తగా నంబర్లు వేసి చేతులు దులుపుకున్నారు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

ఏసుదాసు టీకాలు వేసే మనిషి. పొద్దున్నే వికారాబాదు నుంచి వచ్చి రైలు దిగాడు. పక్కనున్న యాలాల్‌లో మశూచి లేచిందని కబురు. అతని ఫ్లాస్కులో టీకా మందు, దాని చుట్టూ ఐసు.

ఐసు కరిగితే మందు చెడిపోతుంది. ఈలోగా ఊరంతా తిరగాలి. దారి ఒక్కటీ తెలియదు. అతనికి కాలు నిలవడం లేదు.

"టీకాల సారువేనా? నా ఎంబడి రా," అన్నాడొక మనిషి. భుజాన గొంగడి ఉంది.

"ఐదో వీధి తెలుసా?"

"నంబర్లు నాకు తెల్వయి సారు. గిది కుమ్మరి గల్లి. దీని ఎనుక గానుగ గల్లి. అవుతల రాళ్ల గల్లి, నాపరాళ్లు కొట్టెటోళ్లుంటరు. జెల్ది నడువు."

ఏసుదాసు తన కాగితంలో వరుసగా ఒక్కో నంబరు పక్కన ఒక్కో పేరు రాసుకుంటూ వెంటపడ్డాడు.

మొదటి ఇంట్లో తలుపు సగమే తెరుచుకుంది.

"మా ఇంట్ల పిల్లలు లేరు."

"ఎందుకు లేరు రాధమ్మా? వడ్ల గుమ్మి ఎనుక దాసిపెట్టినవు గద," అన్నాడు గొంగడి మనిషి.

"సూది పొడిస్తే అమ్మవారికి కోపమొస్తది."

అతను అంగీ పైకి లాగి ఏసుదాసు ముందుకు చెయ్యి చాపాడు.

"ముందుగాల నాకెయ్యి సారు. కోపమొస్తే నా మీదికే రానియ్యి."

ఏసుదాసు వేశాడు. రాధమ్మ కళ్లార్పకుండా చూసింది. కాసేపటికి గుమ్మి వెనక నుంచి పిల్లలు బయటికొచ్చారు.

అంతవరకు బాగానే ఉంది. గానుగ గల్లీలోనూ అతను చెయ్యి చాపాడు. రాళ్ల గల్లీలో కన్నడం మాట్లాడే ముసలమ్మ ముందూ చాపాడు.

"ఎన్నిసార్లయ్యా? ఒక్కటి చాలు. మందు దండగ!" అన్నాడు ఏసుదాసు.

"గా ఇంటోళ్లు చూసిండ్రు సారు. గీ ఇంటోళ్లు చూడొద్దా?"

మధ్యాహ్నానికి అతని రెండు చేతులూ వాచాయి. ఏసుదాసుకు జాలి కంటే చిరాకే ఎక్కువైంది. ఫ్లాస్కు మూత తీసిన ప్రతిసారీ ఐసు తగ్గిపోయి కనిపిస్తోంది.

ఇక ఒక్క గల్లి మిగిలింది. దాని మొగదల గొంగడి మనిషి ఆగిపోయాడు.

"నువ్వు పో సారు. నేను రాను."

"ఎందుకు రావు? దీని పేరేంది?"

అతను ఫ్లాస్కు వైపు చూపించాడు.

"పేరు చెప్పయ్యా, రాసుకోవాలె."

"పేరుతోని ఏం పని సారు? ఐసు కరుగుతున్నది, పో."

ఏసుదాసుకు ఒళ్లు మండింది.

"పొద్దటి సంది ఉన్న మందంత నువ్వే పొడిపించుకుంటివి. ఇప్పుడు కాళ్లు రాకపాయెనా? నీ ఇంట్ల పిల్లలుంటె తెలుస్తుండె!"

అతను గొంగడి సర్దుకున్నాడు.

"అవును సారు. ఉంటె తెలుస్తుండె," అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఏసుదాసు పళ్లు కొరుకుతూ ఒక్కడే గల్లీలోకి నడిచాడు.

ఎవరినీ బతిమాలే పని పడలేదు. తల్లులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని అరుగుల మీద సిద్ధంగా ఉన్నారు. పిల్లలు గుక్కపెట్టి ఏడ్చినా తల్లులు పట్టు వదల్లేదు.

మందు ఆఖరి పసివాడి దాకా వచ్చింది, అదీ అడుగంటి. ఏసుదాసు ఊపిరి పీల్చుకుని కాగితం తీశాడు.

"గీ గల్లి పేరేందమ్మా?"

"భీమప్ప గల్లి," అంది హన్మమ్మ అనే ఆమె, కొడుకు చేతిని ఊదుతూ.

"ఎవరు? పెద్దమనిషా?"

"ఏం పెద్దమనిషి సారు! పోయినేడు టీకాలాయన వస్తే, అమ్మవారికి కోపమొస్తదని కట్టె పట్టుకొని గల్లి మొగదల నిలబడ్డడు. లోపటికి రానియ్యలే. మేమందరం మెచ్చుకున్నం. ఆ నెలలనే అమ్మవారు పోసింది. ముందుగాల ఆయన ఇంట్లనే. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ పోయిండ్రు. ఆయెనుక మా ఇండ్లల్ల. అప్పటి సంది గీ గల్లికి గదే పేరు."

ఎదురుగా తాళం వేసిన ఇల్లొకటి చూపించింది.

ఏసుదాసు ఆ పేరు గట్టిగా నొక్కి రాశాడు. "అసొంటోడు ఇప్పుడు ఏడున్నడు?" అన్నాడు.

హన్మమ్మ అతని వైపు వింతగా చూసింది.

"పొద్దటి సంది ఇంటింటికి చెయ్యి చాపుకుంట నీ ముందల నడిచింది ఆయనే గద సారు."