బాగుంది సంబడం

ఆటలు మొదలైనప్పటినుంచి మా వీధి కుళాయి నీళ్లన్నీ స్టేడియం గడ్డికే పోతున్నాయి. మా అభిప్రాయం అడగడానికి మాత్రం ఎవరూ రారు. ప్రతి వంటింట్లో బిగించిన గోడచెవి అనే యంత్రం మా మాటలు విని తనే పైఅధికారులకు పంపేస్తుంది.

ఖాళీ బిందెతో అటూ ఇటూ తిరుగుతున్న మా అత్త పైడమ్మ, "బాగుంది సంబడం!" అని విసుక్కుంది.

గోడచెవి పచ్చగా వెలిగింది. "సంబరం బాగుందన్నారు. ధన్యవాదాలు."

"ఓలమ్మో! నాను తిట్టినానే!"

వీధిలో అందరూ అదే మాట అన్నారట. ప్రజల కోరికపై వచ్చే ఏడూ ఆటలు ఇక్కడేనని సాయంత్రం వార్తల్లో చెప్పారు.

అత్త మళ్లీ నోరు తెరవబోతే పరుగున వెళ్లి చేత్తో మూశాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి గోడకేసి చూశాం.

అది కాసేపు ఆగి పచ్చగా వెలిగింది. "ఈ ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ధన్యవాదాలు."