పూతలపట్టు కూడలిలో పెద్ద బోర్డు

"ఆ పోజు నేనియ్యను సార్. కొత్తగా చేరిన పిల్ల ఉండాది గదా, దాన్ని కూచోబెట్టుకోండి!"

సీనియర్ మోడల్ మేకప్ గదిలోంచి విసురుగా బయటికి వచ్చింది. తలుపు పక్కన ఆమె చెప్పులకు కాపలాగా కూర్చున్న మోహన చప్పున లేచి నిలబడింది. ఆ కొత్త పిల్ల తానే.

తిరుపతి కొర్లగుంటలోని ఆ ఏజెన్సీలో మోహన సంతకం చేసి రెండు నెలలయింది. ఒప్పందం ప్రకారం ఆమె ముఖం ఏజెన్సీ సొత్తు. మరొకరి కెమెరా ముందు నిలబడకూడదు. ఏజెన్సీ కెమెరా ముందు నిలబడే యోగమూ ఇంతవరకు పట్టలేదు. లైట్లు సరిచూసుకునేటప్పుడు సీనియర్ నిలబడవలసిన చోట ఆమెను నిలబెడతారు. వెలుతురు కుదరగానే పక్కకు జరగమంటారు. అన్నం మానమన్నారు, మానింది. ఎండలోకి పోవద్దన్నారు, మానింది. "మెడ ఎముకలు ఇంకా తేలల్ల మా" అంటూ యజమాని బాలచంద్ర వారం వారం ఆమెను తూకం మిషను ఎక్కించి, పదిమందీ వినేలా అంకె చదివేవాడు.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి మునస్వామి ఒకే షరతు మీద ఆమెను పంపించాడు.

"మొదటి బొమ్మ నా కండ్లతో నేను సూడల్ల పాపా. నలుగుర్లో తలెత్తుకునేట్టుంటే ఆ పైన నీ ఇష్టం. లేదంటే ఆ కాయితం చించి పారేసి, శ్రీ సిటీ బస్సెక్కి సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో చేరల్ల. మాటేనా?"

"మాటే నాయనా."

కాబట్టి సీనియర్ విసురు ఆ పూట మోహన చెవికి మంగళవాద్యంలా వినిపించింది.

బాలచంద్ర ఆమెను ఎగాదిగా చూశాడు. "పిల్లల చదువుల పథకానికి ప్రకటన మా. కుటుంబం బొమ్మ. అమ్మ వేషం నీది. బొమ్మంతా నీ మీదనే నడుస్తాది. పూతలపట్టు కూడలిలో పెద్ద బోర్డు కడతారు."

"మొగుడి వేషం ఎవరు సార్?"

"ఆయప్పనీ, పాపనీ నిన్ననే తీసేసినాం. నిన్ను విడిగా తీసి కంప్యూటర్లో కలిపేస్తాం."

ఎప్పుడూ విసుక్కుంటూ పౌడరు అద్దే మేకప్ షగుఫ్తా ఆ రోజు చేతులు కడుక్కుని వచ్చింది. పట్టుచీర కొంగు తానే సర్దింది. పెద్ద బొట్టు పెట్టింది. పెదవులు కదిలిస్తూ ఏదో చదివి, మోహన ముఖం మీద మెల్లగా ఊదింది.

"ఏంది అక్కా అది?"

"ఏం లే బేటీ. నూరేండ్లు సల్లగా బతకల్ల నువ్వు."

"సీనియర్‌కు గూడా ఊదుతావా?"

"ఆమెకెందుకు?"

ఆ జవాబు మోహనకు కిరీటం పెట్టినట్లయింది.

ఫోటోగ్రాఫర్ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. భుజాల దాకానే తీస్తానన్నాడు. "కొంచెంగా నవ్వు మా. అంత వద్దు. బిడ్డను సూసి నవ్వినట్ల. కదలద్దు." రెండు సార్లు మీట నొక్కి, కెమెరా మూత పెట్టేశాడు.

"ఇంకొకటి తీయన్నా, ఈసారి బాగా నవ్వుతా."

"చాలు తల్లీ, చాలు" అంటూ ముఖం తిప్పుకున్నాడు.

మోహన స్టూలు దిగకముందే బాలచంద్ర కర్పూరం వెలిగించి ఆమెకు మూడు సార్లు తిప్పాడు. నిమ్మకాయ కాలితో తొక్కించాడు. లైట్‌బాయ్‌లు సైతం చేతులు కట్టుకుని నిలబడ్డారు. "వెనక్కి సూడకుండా ఇంటికి పో మా" అన్నాడు.

బస్సెక్కగానే ఆమె ఫోన్ చేసింది. "నాయనా, నాకు దిష్టి తీసినారు! ఓనరే తీసినాడు. సీనియర్‌కు ఎన్నడూ తీసింది లేదు."

"అంత బాగుండావా మే!" మునస్వామి గొంతు ఫ్యాక్టరీ హోరును దాటి వినిపించింది.

బోర్డు కట్టేనాడు మునస్వామి తోటి పనివాడు ఎల్లప్పను వెంటబెట్టుకుని పూతలపట్టులో దిగాడు. టీకొట్టు ముందు నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు: "మా పాప బొమ్మ కడతాండారు." వింటున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని అక్కడే ఆగారు. తిరుపతి నుంచి వచ్చిన మోహన, తండ్రి పక్కన నిలబడి పైకి చూసింది.

ఇనుప చట్రం ఎక్కిన ముగ్గురు పనివాళ్లు చుట్టిన ఫ్లెక్సీని ఎడమ నుంచి మెల్లగా విప్పుతున్నారు. మొదట నీలం చొక్కా మనిషి బయటపడ్డాడు.

"మీ అల్లుడు బాగుండాడబ్బా మునస్వామీ!" అన్నాడు ఎల్లప్ప. "పెండ్లికి పిలవనే లేదే!"

"ఊరికే ఉండు మామా" అంటూ మోహన సిగ్గుపడింది.

తర్వాత పుస్తకాల సంచీతో పాప వచ్చింది. తండ్రి వేలు పట్టుకుని బడికి పోతోంది. కింద ఎర్రటి అక్షరాలు వరుస కట్టాయి. చిన్నప్పుడు బడి మానేసిన మునస్వామి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు.

"'పాప చదువు ఆగదు'. మంచి మాట రాసినారప్పా! మొగుడూ వచ్చినాడు, బిడ్డా వచ్చింది. నువ్వేది పాపా?"

"ఉండు నాయనా, ఇంకా విప్పుతాండారు. ఆ చివర్న నేనే" అని మోహన అందరికీ కనబడేలా చేయెత్తి చూపించింది.

చివరి మడత విచ్చుకుంది: గోడకు తగిలించిన పటంలో, వెలుగుతున్న దీపం వెనక, పూలదండ నడుమ మోహన నవ్వుతోంది, కింద మిగిలిన రెండు మాటలు, 'అమ్మ లేకపోయినా'.