తోడిన డీజిల్

పెద్దాయనా, నేను చెప్పింది చెప్పినట్టే రాయించు. నా అల్లుడు బెర్గెన్ నడిపే లారీలోంచి డీజిల్ తోడింది నేనే. గొట్టం పెట్టి, నోటితో లాగి, బకెట్లకు బకెట్లు తోడాను.

మన యాకూతియా మంచులో, ఆపితే గడ్డకడుతుందని, చలికాలమంతా లారీ ఇంజను ఆపరని నాకు తెలియదా? ఆ ఇంజను మీద కప్పే బొంత కుట్టిందే నేను. ఇంజను గడ్డకట్టి పగిలిందంటున్నాడు. పగలనీ.

నా కూతురు తుయార జ్వరంతో కాలిపోతుంటే, గడ్డకట్టిన నది మీదుగా ఆస్పత్రికి తీసుకెళ్లమని వాడి కాళ్లు పట్టుకున్నాను.

"అత్తా, ట్యాంకరు వచ్చేదాకా ఇంజను వెచ్చగా ఉంచడానికే ఈ డీజిల్ బొటాబొటి. దారిలో అయిపోతే ఇంజను చస్తుంది. నీ కూతురు జలుబుకు చావదులే."

"లారీకి బొంత కప్పావు. పెళ్లాం ఒళ్లు ఒకసారి తాకి చూశావురా?"

"నీ నోటి వేడికి లారీ డీజిల్ లేకుండానే నడిచేట్టుంది. వచ్చి ఇంజను ముందు కూర్చో!" అని నవ్వి, వెళ్లి లారీలోనే పడుకున్నాడు.

నా ఏడుపుకు లేవనివాడు, ఇంజను చప్పుడు ఆగగానే ఉలిక్కిపడి లేచాడు.

కక్షతో తోడానంటున్నాడు. కక్ష కాదు. గడ్డకట్టిన మన నేల సంగతి నీకు తెలుసు. పైన మంట పెట్టి కరిగిస్తేగాని గునపం దిగదు. మంచు పట్టిన కట్టెలు డీజిల్ పోయనిదే అంటుకోవు.

ఆస్పత్రికి చాలదన్న డీజిల్, తుయారకు గుంత తవ్వడం అయ్యేదాకా మండింది.